డబ్బాలో ఉన్న మిషన్ అడుగులు లెక్కపెట్టదు: ఒక స్మార్ట్ హియరింగ్ ఎయిడ్ కేసు

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చెవుల్లో ఏమీ లేవు. సంచిలోంచి చార్జర్ డబ్బా తీసి నా టేబుల్ మీద పెట్టి, "ఇదేమైనా పనికొస్తుందేమో చూడమ్మా, లేదంటే ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నారు. వినపడనివాళ్ల మాటలో ఉండే గట్టిదనంతో అన్నారు, బయట కూర్చున్నవాళ్లకు కూడా వినపడింది. పక్కనున్న కూతురు తల దించుకుంది. ఆ డబ్బాలో ఉన్న చెవి మిషన్ల జత ఐదు నెలల కిందట ఆమె కొనిచ్చిందే, ఆ కంపెనీ అమ్మేవాటిలో అన్నిటికంటే ఖరీదైనది. అడుగులు లెక్కపెడుతుంది, కిందపడితే ఫోన్ ద్వారా ఇంట్లోవాళ్లకు మెసేజ్ పంపుతుంది, రోజులో ఎంతసేపు మనుషుల మధ్య మాటల్లో గడిపారో చూసి ఒక స్కోరు ఇస్తుంది.

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షించి చెవి మిషన్లు అమర్చేదాన్ని. "హెల్త్ ట్రాకింగ్ ఉన్న చెవి మిషన్‌కి అంత డబ్బు పెట్టొచ్చా మేడం?" అని నన్ను చాలామంది అడుగుతున్నారు. అవునూ కాదూ అని ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదిది, అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను. ఆయన, ఆయన కూతురు ఇద్దరూ రాయమన్నారు. ఎవరో పోల్చుకోగలిగే వివరాలన్నీ తీసేశాను.

ఆయన వయసు 71, రిటైరైన టీచరు, నేను మాస్టారనే పిలుస్తాను. భార్యతో కలిసి ఉంటారు, కూతురు వేరే ఊళ్లో ఉద్యోగం. వినికిడి తగ్గడం ఎనిమిదేళ్లుగా తెలుస్తూనే ఉందట. ముందు టీవీ సౌండ్ పెరిగింది, తర్వాత ఫోన్ మాట్లాడటం భార్యకు వదిలేశారు, ఆ తర్వాత నలుగురు కూర్చున్న చోటికి వెళ్లడం మానేశారు. మేం మళ్లీ టెస్ట్ చేస్తే కుడి చెవిలో 500 హెర్ట్జ్ దగ్గర 35 డెసిబెల్స్, 1000 దగ్గర 45, 2000 దగ్గర 60, 4000 దగ్గర 70 వచ్చాయి (హెర్ట్జ్ స్వరం ఎత్తును చెబుతుంది, డెసిబెల్స్ అంకె ఎంత పెద్దదైతే లోపం అంత ఎక్కువ). సగటు 52.5. ఎడమ చెవికి వినికిడి ఇంకొంచెం తక్కువ, సగటు 56. వయసుతో వచ్చే నరాల వినికిడి లోపం, కింది స్వరాలు కొంత వినపడి, పై స్వరాలు బాగా పడిపోయే రకం. ఇలాంటివాళ్లకు ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది కానీ ఏం మాట్లాడుతున్నారో తెలియదు, ఎందుకంటే స, శ, త, ఫ లాంటి హల్లుల్ని విడదీసి చూపించే శబ్దం ఎక్కువగా పైనే ఉంటుంది. నిశ్శబ్దంలో మాటల్ని బాగానే పట్టుకున్నారు, వెనక నలుగురి గోల పెట్టి టెస్ట్ చేస్తే మాత్రం తడబడ్డారు.

తర్వాత మిషన్లను కంప్యూటర్‌కి కలిపి డేటా లాగ్ తెరిచాను. రోజుకు ఎన్ని గంటలు వాడారో మిషన్ లోపలే రాసుకుంటుంది, దానికి ఏ సెన్సరూ అక్కర్లేదు, చాలా ఏళ్లుగా మామూలు మోడళ్లలో కూడా ఉన్న సౌకర్యమే. సగటు 2 గంటలు. మిగతా సమయమంతా అవి డబ్బాలోనే ఉన్నాయి.

అప్పుడు కూతురు తన ఫోన్ తీసి చూపించింది. యాప్‌లో నాన్నగారి అడుగులు రోజుకు నాలుగు వందలు, ఒక్కోరోజు రెండు వందలు. "చూడండి మేడం, అసలు కదలడం లేదు, అందుకే నాకు టెన్షన్, రోజూ సాయంత్రం ఫోన్ చేసి నడవండి నాన్నా అని పోరుతూనే ఉన్నా" అంది. మాస్టారికి ఆ మాటలు వినపడలేదు కానీ ఫోన్ చూసి విషయం అర్థమైపోయింది. "రోజూ పొద్దున గంట నడుస్తానమ్మా నేను! అది చెవిలో పెట్టుకుని నడిస్తే గాలి హోరు, పెట్టుకోకుండా వెళ్తాను. ఇదేమో సాయంత్రానికల్లా దానికి చాడీలు చెబుతుంది" అన్నారు.

డబ్బాలో ఉన్న మిషన్ అడుగులు లెక్కపెట్టలేదు. ఐదు నెలలు ఆ అమ్మాయి చూసింది తండ్రి నడక కాదు, తండ్రి మిషన్ పెట్టుకున్న రెండు గంటల్లో వేసిన అడుగులు మాత్రమే. ఆ అంకె చూసి ఆమె భయపడింది, ఆమె ఫోన్లకు ఆయన విసుక్కున్నారు, ఆ విసుగుతో మిషన్ ఇంకా తక్కువ పెట్టుకున్నారు, దాంతో అంకె ఇంకా తగ్గింది. ఆరోగ్యం గమనించడానికని కట్టిన డబ్బు ఆ ఇంట్లో రోజూ సాయంత్రం ఒక చిన్న గొడవగా మారింది. యాప్ తెరిచినప్పుడు ఎన్ని గంటలు వాడారన్న అంకె ముందు చూడాలని, అడుగులు ఆ తర్వాతేనని అమ్మినవాళ్లు చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. నాకు నిజంగా బాధ అనిపించింది.

మరి ఆయన ఎందుకు పెట్టుకోవడం లేదు? "గోల ఎక్కువ, మాట తక్కువ" అన్నారు. ఇంతకంటే మంచి వర్ణన నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చెవి గొట్టంలోకి సన్నటి ప్రోబ్ ట్యూబ్ పెట్టి, కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచే పరీక్ష ఒకటుంది, రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటాం. ఫలానా ఆడియోగ్రామ్ (వినికిడి టెస్ట్ అంకెల గ్రాఫ్) ఉన్నవాళ్లకు ఏ స్వరం దగ్గర ఎంత పెంచాలో చెప్పే సూత్రాలున్నాయి, పెద్దవాళ్లకు మేం ఎక్కువగా వాడేది ఎన్ఏఎల్-ఎన్ఎల్2. మామూలు మాట స్థాయిలో, అంటే 65 డెసిబెల్స్ దగ్గర కొలిస్తే మాస్టారి కుడి చెవిలో 2000 హెర్ట్జ్ దగ్గర 8 డెసిబెల్స్, 4000 దగ్గర 14 డెసిబెల్స్ తక్కువ వస్తోంది. అంటే ఆయనకు ఏ శబ్దాలు కావాలో అవే అందడం లేదు. కొన్నచోట ఈ పరీక్ష చేయలేదు. ఆడియోగ్రామ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, కంపెనీ ఇచ్చే మొదటి సెట్టింగ్ నొక్కి, పంపించేశారు.

పైగా చెవిలో పెట్టిన రబ్బరు డోమ్ ఓపెన్ రకం, చుట్టూ రంధ్రాలుండేది. కింది స్వరాలు దాదాపు మామూలుగా వినపడేవాళ్లకు అది చక్కగా సరిపోతుంది, చెవి మూసుకుపోయినట్టు ఉండదు. ఈయనకు 4000 దగ్గర 70 డెసిబెల్స్ లోపం ఉంది, అక్కడ గట్టిగా పెంచాలి. ఓపెన్ డోమ్‌తో అంత పెంచితే లోపలి శబ్దం బయటికి కారి, మళ్లీ మైకులోకి వెళ్లి, మిషన్ కూతపెడుతుంది. కూత రాకుండా మిషన్ తనంతట తానే ఆ స్వరాలను తగ్గించేసింది. ఎంత పెద్ద చిప్ ఉన్నా, ఎన్ని సెన్సర్లున్నా, ఆ చిన్న రబ్బరు ముక్క దగ్గర అంతా ఆగిపోయింది. చెవి అచ్చు తీసి, గాలి ఆడటానికి చిన్న వెంట్ ఉంచి మోల్డ్ చేయించాం, ప్రోబ్ ట్యూబ్ పెట్టి మళ్లీ కొలుస్తూ సూత్రం చెప్పినదానికి 5 డెసిబెల్స్ అటూఇటూలోకి తెచ్చాం. అన్నీ ఒకేరోజు పెంచలేదు. ఎనిమిదేళ్లుగా ఆ శబ్దాలు లేని మెదడుకు ఒక్కసారిగా చెంచా చప్పుడు కూడా పిడుగులా ఉంటుంది, అందుకని మూడు వారాల్లో మూడుసార్లు రప్పించి పెంచాం. నడకలో గాలి హోరు తగ్గించే సెట్టింగ్ ఆ మిషన్‌లో ముందునుంచే ఉంది, ఎవరూ ఆన్ చేయలేదు.

ఇక డబ్బు సంగతి. మార్కెట్ ఎక్కడైనా ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి అసలు అంకెలు రాయను, ఈ కుటుంబం కట్టిన మొత్తాన్ని 100 అనుకుందాం. అదే కంపెనీ, అదే ఆకారం, రీచార్జ్ అయ్యే రకమే, కానీ సెన్సర్లు లేని అన్నిటికంటే కింది లెవెల్ జత వాళ్లకు ఇచ్చిన కొటేషన్‌లోనే 40 ఉంది, మధ్య లెవెల్ 65. అంటే పైన 60 ఎక్కువ కట్టారు. కూతురు ఆ 60 మొత్తం అడుగులకీ కిందపడితే వచ్చే మెసేజ్‌కీ కట్టాననుకుంది. అలా కాదు. కదలికను పట్టే సెన్సర్ మన ఫోన్లన్నిట్లో ఉండేలాంటి చిన్న చిప్, అందులో ఖరీదైన భాగం అది కానే కాదు. చాలా కంపెనీలు ఒకే రకం చిప్ పెట్టి, లెవెల్‌ని బట్టి సాఫ్ట్‌వేర్‌లో కొన్ని సౌకర్యాలు తెరిచి కొన్ని మూసి అమ్ముతాయి. గోలలో మాట వెతికే ప్రోగ్రాములు, శబ్దాన్ని ముక్కలు చేసే చానళ్ల సంఖ్య, ఇవన్నీ పై లెవెల్లో ఎక్కువ ఉంటాయి. హెల్త్ ఫీచర్లు కూడా చాలాసార్లు ఆ పై లెవెల్ పెట్టెలోనే వస్తాయి. కిందపడితే చెప్పే సౌకర్యం ఒక్కటే కావాలన్నా మొత్తం పెట్టె కొనాల్సిందే, అక్కడే అసలు ఖర్చు పడుతుంది.

ఆ పై లెవెల్ వల్ల వినికిడిలో ఎంత తేడా వస్తుందో కూడా చెప్పాలి. మెంఫిస్ యూనివర్సిటీలో రాబిన్ కాక్స్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఓ మోస్తరు లోపం ఉన్న 25 మంది పెద్దవాళ్లకు ప్రీమియం మిషన్లు, బేసిక్ మిషన్లు రెండూ ఇచ్చి చూశారు. మిషన్ వల్ల అందరికీ మేలు జరిగింది కానీ, ప్రీమియం వాటితో బేసిక్ కంటే చెప్పుకోదగ్గ తేడా రోజువారీ వాడకంలో కనపడలేదు. చిన్న పరిశోధన, అప్పటి మిషన్లు, తర్వాత టెక్నాలజీ చాలా ముందుకొచ్చింది, అదంతా నిజం. అయినా పై లెవెల్ అమ్మేటప్పుడు నాకు ఆ పరిశోధన గుర్తొస్తుంది. రోజూ గోలలోనే పనిచేసేవాళ్లకు, మీటింగుల్లో గడిపేవాళ్లకు నేను ఇప్పటికీ పై లెవెల్ చెబుతాను. ఇద్దరే ఉండే ఇంట్లో ఆ ప్రోగ్రాములకు పని తక్కువ.

కూతురికి ఒక లెక్క వేసి చూపించాను. మిషన్ మామూలుగా ఐదేళ్లు వస్తుందనుకుందాం. రోజుకు 2 గంటల చొప్పున ఐదేళ్లకు 3,650 గంటలు. రోజుకు 11 గంటలైతే 20,075. అదే డబ్బుకి గంటకు పడే ఖర్చు ఐదున్నర రెట్లు తేడా. మోల్డ్‌కీ, నాలుగుసార్లు మా దగ్గరికి రావడానికీ వాళ్లకైన ఖర్చు మొదట కట్టిన 100తో పోలిస్తే 6. ఈ 6 పెట్టకపోతే ఆ 100 నీళ్లలో పోసినట్టే. కొనేటప్పుడు బిల్లులో ఫిట్టింగ్, ఫాలోఅప్ ఖర్చు మిషన్ ధరలోనే కలిపి ఉందా, విడిగా ఉందా అని ఎవరూ అడగరు, కలిపి ఉన్నప్పుడు అసలు ఆ పని జరిగిందో లేదో కూడా తెలియదు. నేనైతే విడిగా రాసిమ్మంటాను. డోమ్‌లు, గులిమి అడ్డుపడకుండా పెట్టే చిన్న ఫిల్టర్లు, వారంటీ అయ్యాక రిపేర్లు, కొన్నేళ్లకు తగ్గిపోయే లిథియం బ్యాటరీ, ఇవన్నీ ఐదేళ్ల లెక్కలో వేసుకోవాల్సినవే.

ఆరు వారాల తర్వాత డేటా లాగ్ చూస్తే సగటు 11 గంటలు. అడుగులు రోజుకు ఐదారు వేలు. మాస్టారి నడకలో ఏ మార్పూ లేదు, అదే గంట, అదే దారి. కూతురు నవ్వుతూ ఏడ్చింది, "ఇన్నాళ్లూ అనవసరంగా తిట్టాను కదా మేడం" అంది. ఆ రోజు మాస్టారు నాతో అన్న మొదటి మాట, "అమ్మా, మా ఆవిడ ఇంత మెల్లగా మాట్లాడుతుందని నాకు తెలియదు, ఇదివరకు నాకోసం అరిచేదన్నమాట."

ఇక్కడితో ఆపేస్తే అమ్మకానికి పనికొచ్చే కథ అవుతుంది, కానీ మూడో నెలలో ఆయన కిందపడ్డారు. బాత్రూంలో, స్నానం చేస్తూ. మణికట్టు బెణికింది, దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. మెసేజ్ ఎవరికీ వెళ్లలేదు, ఎందుకంటే మిషన్లు బయట షెల్ఫ్ మీద ఉన్నాయి. స్నానానికి తీసేయమని చెప్పింది నేనే, అందరికీ అదే చెబుతాం. ఐపీ68 అని రాసి ఉన్నా, దుమ్ముకీ నీళ్లకీ కొంత తట్టుకుంటుందనే తప్ప సబ్బు నీళ్లలో రోజూ తడపమని కాదు.

ఆ రాత్రి కూర్చుని నేను ఆయన రోజును గంటలవారీగా రాసుకున్నాను. రాత్రి పడుకునేటప్పుడు మిషన్లు చార్జర్‌లో ఉంటాయి, ఉదయం స్నానం అయ్యేదాకా పెట్టుకోరు. నిద్రలో లేచి చీకట్లో బాత్రూంకి వెళ్లే సమయం, తడి నేల మీద నిలబడే సమయం, పెద్దవాళ్లు జారిపడే ప్రమాదం ఎక్కువుండే ఆ రెండు సమయాల్లోనూ చెవిలో ఏమీ ఉండదు. రీచార్జ్ రకంలో ఇది తప్పనిసరి. ఇంకోటి, మెసేజ్ పంపేది మిషన్ కాదు, ఫోన్. మిషన్ కదలికను పట్టి బ్లూటూత్‌తో ఫోన్‌కి చెబుతుంది, ఫోన్ తన నెట్‌వర్క్‌తో మెసేజ్ పంపుతుంది. ఫోన్ ముందు గదిలో చార్జింగ్‌కి పెట్టి ఆయన పెరట్లో ఉంటే? మా దగ్గరే చేసి చూశాం, ఫోన్ నా గదిలో వదిలి ఆయన్ని వరండా చివరికి పంపి, చేత్తో నొక్కి అలర్ట్ పంపమన్నాం. వెళ్లలేదు. ఇది మిషన్ లోపం కాదు, అది పనిచేసే పద్ధతే అంత, కానీ కొన్నవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి తప్పుడు అలర్ట్ కూడా వచ్చింది, మంచం కింద చెప్పులు తీయబోయి గబుక్కున వంగినందుకు. ఒక నిమిషంలోపు రద్దు చేసే వీలుంది కానీ ఫోన్ ఎక్కడుందో ఆయనకు దొరకలేదు.

కాబట్టి కిందపడితే చెప్పే మిషన్ కొన్నాక కూడా బాత్రూంలో పట్టుకునే కడ్డీ, జారని మ్యాట్, రాత్రంతా వెలిగే చిన్న లైటు కావాలి. వాళ్లు ఆ మూడూ పెట్టించారు. 60 ఎక్కువ కట్టినదాంతో పోలిస్తే వాటి ఖర్చు లెక్కలోకే రాదు. నేను మొదటి విజిట్‌లోనే అడగాల్సింది, "ఎక్కడ పడతారని మీ భయం?" అని. అడగలేదు, అప్పుడు నా దృష్టంతా ఫిట్టింగ్ మీదే ఉంది. ఇప్పుడు ప్రతి కేసులో ఆ ప్రశ్న అడుగుతున్నాను.

వినికిడికీ కిందపడటానికీ సంబంధం ఉంది, దాన్ని కొట్టిపారేయడం లేదు. 2012లో ఫ్రాంక్ లిన్, లుయిజీ ఫెరుచీ ప్రచురించిన పరిశోధనలో 25 డెసిబెల్స్ పాటి తేలికపాటి లోపం ఉన్నవాళ్లలో కూడా కిందపడ్డామని చెప్పడం దాదాపు మూడు రెట్లు ఎక్కువ కనపడింది. కూతురు భయానికి ఆధారం ఉంది. కానీ పడ్డాక తెలియజేయడం వేరు, పడకుండా చూసుకోవడం వేరు.

ఈ సెన్సర్ల చరిత్ర పెద్దదేం కాదు. 2018లో స్టార్కీ కంపెనీ లివియో ఏఐ అనే మోడల్‌తో మిషన్ లోపలే కదలిక సెన్సర్లు పెట్టింది. ఫోనాక్ కంపెనీ ఆడేయో ఫిట్ అనే మోడల్‌లో గుండె వేగం కొలిచే లైట్ సెన్సర్ పెట్టింది, చెవి గొట్టం చర్మంలోకి వెలుతురు పంపి రక్తం ఎలా కదులుతోందో చూస్తుంది. చేతి మణికట్టు ఊగినట్టు చెవి ఊగదు కాబట్టి చెవి అందుకు మంచి చోటే. ఆ సెన్సర్ చర్మానికి సరిగ్గా ఆనకపోతే మాత్రం అంకెలు నమ్మలేం, అంటే మళ్లీ ఫిట్టింగ్ దగ్గరికే వస్తాం.

అమ్మేటప్పుడు మాస్టారి కుటుంబానికి ఇంకో మాట కూడా చెప్పారట, ఈ మిషన్ మెదడు స్కోరు చూపిస్తుంది, మతిమరుపు రాకుండా కాపాడుతుందని. దీని గురించి నాకు గట్టిగా చెప్పాలని ఉంది. ఎచీవ్ అనే పెద్ద పరిశోధన 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 70 నుంచి 84 ఏళ్ల 977 మందిని మూడేళ్లు చూశారు. మొత్తం అందరినీ కలిపి చూస్తే మిషన్లు పెట్టుకున్నవాళ్లకూ లేనివాళ్లకూ మెదడు పనితీరు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందునుంచే ప్రమాదం ఎక్కువున్న గుంపులో మాత్రం ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. ఇది చాలా విలువైన విషయం. కానీ ఆ మేలు వచ్చింది ఆడియాలజిస్టులు సరిగ్గా అమర్చిన మిషన్లు, కౌన్సెలింగ్, మళ్లీ మళ్లీ చూడటం వల్ల, అడుగుల స్కోరు వల్ల కాదు. మతిమరుపు భయం చూపించి 40 దగ్గర ఆగాల్సినవాళ్లని 100 దాకా లాక్కెళ్లడం తప్పు, పెద్దవాళ్లు ఆ భయానికి ఎంత త్వరగా లొంగిపోతారో ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

ఇంత చదివి నేను స్మార్ట్ మిషన్లకు వ్యతిరేకం అనుకోవద్దు. పొద్దున పెట్టుకుంటే రాత్రి దాకా తీయనివాళ్లు, ఫోన్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండేవాళ్లు, ఇదివరకే ఒకటి రెండుసార్లు పడి ఒంటరిగా ఉంటున్నవాళ్లు, మెసేజ్ వస్తే పది నిమిషాల్లో చేరుకోగల మనిషి దగ్గర్లో ఉన్నవాళ్లు, ఇలాంటివాళ్లకు ఆ ఖర్చు తగినదే. ఆ చివరిది ముఖ్యం. కూతురు ఉండేది ఎనిమిది గంటల ప్రయాణ దూరంలో. మెసేజ్ ఆమెకు చేరినా ఆమె చేయగలిగేది పక్కింటివాళ్లకు ఫోన్ చేయడమే. మేం అలర్ట్ వెళ్లే నంబర్లలో పక్కింటాయన నంబర్ మొదట పెట్టాం, ఆయన్ని అడిగి ఒప్పించాకే పెట్టాం. ఐదు నెలలు ఆ జాబితాలో కూతురు ఒక్కతే ఉంది.

ఇంకో సంగతి మాస్టారి ఇష్టం. ఎవరి అడుగులు, ఎవరి మాటల స్కోరు? ఆయనవి. కొన్నప్పుడు ఫోన్‌లో అన్నిటికీ ఒప్పుకుంటున్నట్టు నొక్కింది మాత్రం కూతురు. నేను ఆమెను కాసేపు బయట కూర్చోమని, ఆయన్ని ఒక్కరినే అడిగాను, మీ అమ్మాయికి ఏం కనపడాలి అని. ఆయన చాలాసేపు ఆలోచించి, "పడితే తెలియాలి, పెట్టుకున్నానో లేదో తెలిసినా ఫర్వాలేదు. ఎంత నడిచానో, ఎవరితో మాట్లాడానో వద్దమ్మా, దానికి చెప్పాలనిపిస్తే నేనే చెబుతా" అన్నారు. అలాగే మార్చాం. కూతురు మొదట కొంచెం నొచ్చుకుంది, తర్వాత అర్థం చేసుకుంది.

ఈ కేసులో నాకు ఎక్కువ పాఠం నేర్పింది ఆయన భార్య. వయసు 67, ఆవిడకూ లోపం ఉంది, రెండు చెవుల సగటు 40 డెసిబెల్స్ చుట్టూ. భర్తకు వినపడటం మొదలయ్యాక గానీ తనకు వినపడటం లేదని ఎవరికీ తెలియలేదు. ఈసారి కూతురు నేరుగా అడిగింది, "అమ్మకు ఏది కొనమంటారు మేడం, నాన్నకు కొన్నదేనా?" ఆవిడ లోపం అంత పెద్దది కాదు కాబట్టి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే రకం గురించి కూడా మాట్లాడుకున్నాం. అమెరికాలో 2022 అక్టోబర్ నుంచి తేలికపాటి, ఓ మోస్తరు లోపం ఉన్న పెద్దవాళ్లకు అలాంటివి నేరుగా అమ్మడానికి వీలు కల్పించారు, 2024 సెప్టెంబర్‌లో ఎయిర్‌పాడ్స్ ప్రో 2 అనే ఆపిల్ ఇయర్‌బడ్స్‌ని హియరింగ్ ఎయిడ్‌లా వాడే సాఫ్ట్‌వేర్‌కి అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. ధర చాలా తక్కువ. మాస్టారి స్థాయి లోపానికి అవి సరిపోవు, ఆవిడకు సరిపోవచ్చు. కానీ ఆవిడ స్మార్ట్‌ఫోన్ ముట్టుకోరు, సెట్టింగులన్నీ ఫోన్‌లోనే చేసుకోవాలి, పైగా రోజంతా ఇయర్‌బడ్స్ పెట్టుకునేంత సేపు వాటి బ్యాటరీ రాదు. చివరికి ధర లెక్కలో 40 అన్న ఆ కింది లెవెల్ జతే తీసుకున్నారు, మొదటి రోజే ప్రోబ్ ట్యూబ్‌తో కొలిచి అమర్చాం, ఐదేళ్ల ఫాలోఅప్ విడిగా రాసిచ్చాం. అన్నీ కలిపినా 55 దాటలేదు. నడక చూసుకోవాలనుంటే చేతికి వాచీ పెట్టుకోవచ్చన్నాను, అది స్నానంలోనూ ఉంటుంది, నిద్రలోనూ ఉంటుంది. ఆవిడ వద్దన్నారు. "ఆయనతో పాటే నడుస్తున్నా కదా, ఆయన అడుగులే నా అడుగులు" అన్నారు.

మొన్న ఎనిమిదో నెల విజిట్‌కి ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయన లాగ్‌లో 12 గంటలు, ఆవిడ లాగ్‌లో 13. ఇద్దరి మిషన్ల నుంచి నేను ప్రతిసారీ ముందు చూసేది ఆ అంకే, 100 పెట్టి కొన్నదాంట్లోనూ 40 పెట్టి కొన్నదాంట్లోనూ అది ఒకేలా ఉంటుంది. మాస్టారి కుడి మిషన్ బ్యాటరీ సాయంత్రం ఏడు దాటితే అయిపోతోంది, ఎడమది రాత్రి పదకొండు దాకా వస్తోంది. వారంటీ ఇంకా ఉంది కాబట్టి ఇప్పుడే కంపెనీకి పంపించి మార్పిస్తున్నాం, ఆ రెండు వారాలూ వాడుకోవడానికి మా దగ్గరున్న పాత మోడల్ ఒకటి, సెన్సర్లు ఏమీ లేనిది, ఆయన కుడి చెవి మోల్డ్‌కి సరిపడేలా అమర్చి ఇచ్చాను.